కొబ్బరితోటల కింద గ్యాసు కాలువలు

అమలాపురం నుంచి తాటిపాక, రాజోలు వైపు బస్సులో వెళ్ళినవాళ్ళు గమనించే ఉంటారు. రోడ్డు పక్కన, చేల గట్ల మీద, కొబ్బరితోటల మధ్య అక్కడక్కడా పసుపు రంగు స్తంభాలు, హెచ్చరిక బోర్డులు ఉంటాయి. చాలామంది వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తారు. ఆ స్తంభాల కింద, సుమారు ఒక మీటరు లోతులో, ఉక్కు గొట్టంలో గ్యాసు పోతూ ఉంటుంది. పగలూ రాత్రీ, పండగా పబ్బం అని లేకుండా.

మన కాలేజీలో గేట్ రాసేవాళ్ళ నోట తరచూ వినిపించే కంపెనీల్లో గెయిల్ ఒకటి. ఉద్యోగం వస్తే ఎంత జీతం, ఎక్కడ పోస్టింగ్ అన్నది అందరికీ తెలుసు. ఆ కంపెనీ ఎందుకు పుట్టింది, మన డెల్టాకి ఎలా వచ్చింది, ఇక్కడ ఏం ఇచ్చింది, ఏం తీసుకుంది అన్నది మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. మా అమ్మమ్మగారి ఊరు కోనసీమలోనే ఉంది కాబట్టి నాకు ఈ సంగతి మీద మొదటినుంచీ ఆసక్తి. తెలిసినంతవరకు వరసగా చెప్తాను.

గ్యాసుకి వేరే కంపెనీ ఎందుకు?

ముందు ఒక చిన్న సంగతి. చమురు దొరికితే డ్రమ్ముల్లో పోయొచ్చు, ట్యాంకర్లో, ఓడలో ఎక్కించొచ్చు. కొన్నాళ్ళు ట్యాంకులో దాచొచ్చు కూడా. సహజవాయువు అలా కాదు. బావి దగ్గర దొరికిన గ్యాసుని తీసుకెళ్ళడానికి గొట్టం లేకపోతే దాన్ని అక్కడే మంట పెట్టి తగలెయ్యాలి. 1974లో ముంబై హై క్షేత్రం దొరికాక జరిగింది అదే. చమురు తీసుకున్నారు, దాంతోపాటు వచ్చిన గ్యాసులో చాలా భాగం మండిపోయింది.

అందుకే 1984 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం గ్యాస్ అథారిటీ ఆఫ్ ఇండియా లిమిటెడ్ అనే సంస్థని పెట్టింది. అదే గెయిల్. గ్యాసు వెతకడం, తవ్వడం ఓఎన్‌జీసీ పని. దాన్ని మోసుకెళ్ళి అమ్మడం గెయిల్ పని. మొదట అప్పజెప్పిన పెద్ద పని హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ లైను. గుజరాత్ తీరం నుంచి మధ్యప్రదేశ్ మీదుగా ఉత్తరప్రదేశ్ దాకా సుమారు 1,800 కిలోమీటర్లు. ఆ దారి పొడవునా ఎరువుల ఫ్యాక్టరీలు, పవర్ ప్లాంట్లు లేచాయి. 1997లో నవరత్న, 2013లో మహారత్న హోదా వచ్చాయి. మధ్యలో 2002లో పేరు గెయిల్ (ఇండియా) లిమిటెడ్ అయింది.

మన పంట కాలువలతో పోల్చుకుంటే ఈ వ్యవస్థ తేలిగ్గా అర్థమవుతుంది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో పూర్తిచేసిన ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళు నిలబడతాయి. అక్కణ్ణుంచి ప్రధాన కాలువ, దాన్నుంచి పిల్ల కాలువలు, చివరికి చేలోకి బోదె. గ్యాసులో కూడా అంతే. బావుల నుంచి వచ్చిన గ్యాసు ఒక కలెక్టింగ్ స్టేషన్‌లో పోగవుతుంది. అక్కణ్ణుంచి ట్రంక్ లైను, దాన్నుంచి ఫ్యాక్టరీకి విడిలైను, చివరికి ఇంటి పొయ్యికి సన్న గొట్టం. నీటిని పల్లం నడిపిస్తుంది, గ్యాసుని పీడనం నడిపిస్తుంది. అదొక్కటే తేడా. పీడనం తగ్గితే మధ్యలో కంప్రెసర్ పెట్టి మళ్ళీ తొయ్యాలి.

డెల్టాకి గొట్టాలు వచ్చిన తీరు

1970ల చివర్లో ఓఎన్‌జీసీ నర్సాపురం దగ్గర బావి తవ్వడంతో కృష్ణా–గోదావరి బేసిన్ అన్న మాట పుట్టింది. మన కాళ్ళ కింద ఉన్నది రెండు నదులు కోట్ల సంవత్సరాలుగా తెచ్చి పోసిన ఒండ్రు. ఆ పొరల్లో కూరుకుపోయిన జీవపదార్థం వేడికి, ఒత్తిడికి మారి గ్యాసు, చమురు అయింది. వరి పండించే నేల, గ్యాసు ఇచ్చే నేల ఒకే నది పని. తాటిపాక, పాశర్లపూడి, మోరి, పొన్నమండ, కేశనపల్లి, మండపేట, లింగాల... ఒక్కొక్క ఊరి పేరూ ఒక్కొక్క గ్యాసు క్షేత్రం పేరయింది. రాజమండ్రి ఓఎన్‌జీసీకి పెద్ద స్థావరం అయింది. తాటిపాకలో 2001లో ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో మినీ రిఫైనరీ కూడా పెట్టారు.

ఇక్కడి గొట్టాల జాలం హజీరా లైనులా ఒకే పొడుగాటి తాడు కాదు, చెట్టు వేళ్ళలాంటిది. చిన్న చిన్న క్షేత్రాలు, వాటికి దగ్గర్లోనే కొనేవాళ్ళు. నిడదవోలు దగ్గర విజ్జేశ్వరంలో 272 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం వచ్చింది. కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ 1992లో యూరియా మొదలుపెట్టింది. 1990లలో ప్రైవేటు విద్యుత్తుకి తలుపులు తెరిచాక జేగురుపాడులో జీవీకే 216 మెగావాట్లు, కాకినాడలో స్పెక్ట్రమ్ 208 మెగావాట్లు, విజయవాడ దగ్గర కొండపల్లిలో ల్యాంకో 368 మెగావాట్లు పెట్టాయి. వీటి వెనక ఉన్న లెక్క గుర్తుపెట్టుకోవడం తేలికే. రోజుకి ఒక మిలియన్ ఘనపు మీటర్ల గ్యాసు ఉంటే సుమారు 200 మెగావాట్ల ప్లాంటు నడుస్తుంది.

బురదనేలలో గొట్టం వెయ్యడం

మెకానికల్, సివిల్ వాళ్ళకి ఇక్కడ ఒక మంచి లెక్క ఉంది. మన దగ్గర రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. 18 అంగుళాల గొట్టం తీసుకోండి. బయటి వ్యాసం 457 మిల్లీమీటర్లు. ఒక మీటరు పొడవు గొట్టం నీళ్ళలో మునిగితే సుమారు 164 కిలోల నీటిని పక్కకి నెడుతుంది. గోడ మందం 8 మిల్లీమీటర్లు అనుకుంటే ఆ మీటరు ఉక్కు బరువు 89 కిలోలే. అంటే ఆర్కిమెడిస్ సూత్రం ప్రకారం ఆ గొట్టం తేలుతుంది! గ్యాసు బరువు కలిపినా పెద్ద తేడా రాదు. అందుకే కాలువలు, ఏటిపాయలు దాటేచోట, నీరు నిలిచే నేలల్లో గొట్టానికి కాంక్రీటు తొడుగు వేస్తారు. బరువు లేకపోతే వానాకాలంలో భూమిలోంచి పైకి లేచి కూర్చుంటుంది.

రెండో శత్రువు ఉప్పు. సముద్రం దగ్గరి నేలలో ఇనుము ఎంత తొందరగా తుప్పు పడుతుందో కోనసీమలో ఏ ఇంటి కిటికీ ఊచ చూసినా తెలుస్తుంది. గొట్టాన్ని కాపాడటానికి పైన పూత వేస్తారు, దానికి తోడు కాథోడిక్ ప్రొటెక్షన్ ఇస్తారు. కెమిస్ట్రీలో చదువుకున్న విద్యుత్ ఘటమే ఇది. గొట్టాన్ని కరెంటు సరఫరాలో రుణధ్రువానికి కలిపి, దూరంగా భూమిలో వేరే లోహాన్ని ధనధ్రువంగా పాతుతారు. అరిగేది ఆ లోహం, మిగిలేది గొట్టం.

ఇక్కడ ఒక మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. పూత గానీ కాథోడిక్ రక్షణ గానీ కాపాడేది గొట్టం బయటి గోడనే. లోపలి గోడకి ఉన్న ప్రధాన రక్షణ ఒక్కటే: లోపల పోయే గ్యాసు పొడిగా ఉండటం. గ్యాసులో నీటి ఆవిరి ఉంటే అది చల్లబడి గొట్టం అడుగున చేరుతుంది. గ్యాసులో ఉండే కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. గోలీసోడాలో ఉండేది అదే. గోలీసోడా మన పళ్ళనే మెల్లగా తింటుంది, ఏళ్ళ తరబడి అదే పనిగా ఉంటే ఉక్కునీ తింటుంది. అందుకని గ్యాసుని ట్రంక్ లైనులోకి పంపేముందు గ్లైకాల్‌లాంటి ద్రవంతో తేమ లాగేస్తారు. ఆ యంత్రాన్నే డీహైడ్రేషన్ యూనిట్ అంటారు. మిగిలిన తడిని తోసెయ్యడానికి అప్పుడప్పుడు గొట్టంలోంచి పిగ్ అనే పరికరాన్ని పంపుతారు. గోడ ఎంత పలచబడిందో కొలిచే తెలివైన పిగ్‌లు కూడా ఉన్నాయి.

ఒకే మండలం, రెండు ప్రమాదాలు

మన జిల్లాల్లో గ్యాసు ప్రమాదం అనగానే అందరూ బ్లోఅవుట్ అనేస్తారు. కానీ మామిడికుదురు మండలంలో జరిగిన రెండు ప్రమాదాలు రెండు వేరు వేరు రకాలు.

మొదటిది 1995 జనవరి 8న పాశర్లపూడిలో. ఓఎన్‌జీసీ తవ్వుతున్న బావి అదుపు తప్పింది. లోపలి పీడనాన్ని పైనున్న బురద ద్రవం ఆపలేకపోయింది. గ్యాసు ఎగజిమ్మి నిప్పంటుకుంది. 65 రోజులు మండింది. విదేశాల నుంచి నిపుణులు వచ్చి మార్చి 15న ఆర్పారు. మా అమ్మ అప్పుడు ఇంటర్ చదువుతోంది. రాత్రిళ్ళు కరెంటు దీపం లేకుండానే వాకిట్లో పుస్తకం కనిపించేదని, ఆ హోరుకి పిల్లలు నిద్రపోయేవాళ్ళు కాదని ఇప్పటికీ చెప్తుంది. అది బావి ప్రమాదం, అంటే బ్లోఅవుట్.

రెండోది 2014 జూన్ 27న నగరంలో. తెల్లవారుజామున, జనం ఇంకా పూర్తిగా లేవకముందే. తాటిపాక నుంచి కొండపల్లి ప్లాంటుకి పోయే గెయిల్ వారి 18 అంగుళాల లైను పగిలింది. బయటికొచ్చిన గ్యాసు ఇళ్ళ మధ్య పరుచుకుని నిప్పందుకుంది. 20 మందికి పైగా చనిపోయారు. ఇళ్ళు, కొట్లు, కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. ఇది బావి కాదు, గొట్టం.

తర్వాత జరిగిన విచారణలో బయటపడిన సంగతి మనలాంటి ఇంజనీరింగ్ విద్యార్థులందరూ తెలుసుకోవాల్సింది. ఆ లైను పొడి గ్యాసు కోసం ఉద్దేశించింది. అందులో పోయింది నీరు, కండెన్సేట్ కలిసిన తడి గ్యాసు. తేమ తీసే యూనిట్ ఉండాల్సిన చోట లేదు. గొట్టం లోపలినుంచి తుప్పు పట్టింది.

ఇందులో మనకి తెలియని కెమిస్ట్రీ ఏమీ లేదు. డీహైడ్రేషన్ అనేది ఎన్నో దశాబ్దాలుగా వాడుకలో ఉన్న సాంకేతికత. మరి ఎక్కడ పోయింది? నా ఉద్దేశంలో రెండు సంస్థల మధ్య సరిహద్దు దగ్గర పోయింది. గ్యాసు తీసేది ఒకరు, మోసేది ఇంకొకరు. గ్యాసు చేతులు మారే చోట ఒక మీటరు ఉంటుంది. ఎన్ని ఘనపు మీటర్లు మారాయో అది లెక్కపెడుతుంది, ఎందుకంటే దాన్నిబట్టే డబ్బు. గ్యాసు పరిమాణం మీద ఉన్నంత పట్టుదల దాని తేమ మీద కూడా ఉంటే కథ వేరేగా ఉండేది. 1984లో తవ్వేవాళ్ళని, మోసేవాళ్ళని విడదీయడం మంచి ఆలోచనే. ఆ అతుకు దగ్గర ఎవరి బాధ్యత ఎంతవరకు అన్నది కాగితం మీదే కాదు, పైపు మీద కూడా కనపడాలి.

భూమి మనదే, కానీ...

ఇక రైతు సంగతి. పైపులైను వెయ్యడానికి కంపెనీ భూమి కొనదు. 1962లో వచ్చిన పెట్రోలియం పైపులైన్ల చట్టం ప్రకారం 'వినియోగ హక్కు' మాత్రమే తీసుకుంటుంది. పట్టా రైతు పేరు మీదే ఉంటుంది. కాకపోతే ఆ పట్టీలో ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వరి వేసుకోవచ్చు, కూరగాయలు వేసుకోవచ్చు. ఇందుకు పరిహారం నోటిఫికేషన్ నాటి భూమి మార్కెట్ విలువలో 10 శాతం. పని చేసేటప్పుడు కొట్టేసిన చెట్లకి, పోయిన పంటకి నష్టపరిహారం వేరే ఇస్తారు.

ఈ చట్టం వరిచేలో ఒక రకంగా, కొబ్బరితోటలో ఇంకో రకంగా తగులుతుంది. లెక్క వేద్దాం. 100 మీటర్ల పొడవున తోటలోంచి లైను పోయింది, పట్టీ వెడల్పు 20 మీటర్లు అనుకుందాం. 2,000 చదరపు మీటర్లు, అంటే సుమారు 49 సెంట్లు. 8 మీటర్ల ఎడంతో కొబ్బరి వేస్తే ఆ మేరకి 31 చెట్లు పడతాయి. వరిచేలో అయితే లైను పూడ్చిన మరుసటి ఏడాది మళ్ళీ నాట్లు పడతాయి. తోటలో ఆ 31 చెట్లు పోతే పోయినట్టే, మళ్ళీ నాటడానికి లేదు. చెరువులు తవ్వి రొయ్యలు పెంచే చోట్ల కూడా ఇదే చిక్కు.

మా తాతయ్యగారి తోటలోంచి కూడా ఒక లైను పోతుంది. ఆ పట్టీలో ఇప్పుడు కంద, పసుపు వేస్తారు. "భూమి నాదేరా, శిస్తూ నేనే కడుతున్నా. చెట్టు నీడ మాత్రం నాది కాదు" అంటారు తాతయ్య నవ్వుతూ. చట్టం రాసినవాళ్ళ మనసులో బహుశా చేను ఉండి ఉంటుంది, తోట ఉండి ఉండదు. దీర్ఘకాలపు పంటలున్న నేలకి 10 శాతం సరిపోతుందా అన్నది అడగాల్సిన ప్రశ్నే.

గడిమొగ నుంచి గుజరాత్ దాకా

2002లో కాకినాడకి ఎదురుగా సముద్రం లోతుల్లో రిలయన్స్‌కి పెద్ద నిక్షేపం దొరికింది. అదే కేజీ–డీ6. 2009 ఏప్రిల్‌లో గ్యాసు గడిమొగ తీరానికి చేరింది. దానికోసం రిలయన్స్ గ్యాస్ ట్రాన్స్‌పోర్టేషన్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అనే సంస్థ 48 అంగుళాల గొట్టాన్ని కాకినాడ నుంచి తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర మీదుగా గుజరాత్‌లోని భరూచ్ దాకా వేసింది. సుమారు 1,400 కిలోమీటర్లు. మన సముద్రంలో పుట్టిన గ్యాసు దేశాన్ని అడ్డంగా దాటి పడమటి తీరానికి పోయింది. ఎందుకు? కొనేవాళ్ళు, అప్పటికే వేసిన గొట్టాల జాలం అక్కడ ఉన్నాయి కాబట్టి. ఏ గ్యాసు ముందు ఎవరికి అన్నది కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2010 మే 7న సుప్రీంకోర్టు కూడా సహజవాయువు మీద హక్కు ప్రజలదని, వారి తరఫున ప్రభుత్వానిదని చెప్పింది.

ఈ గ్యాసు వస్తుందన్న నమ్మకంతో మన దగ్గర కూడా ప్లాంట్లు లేచాయి. పెద్దాపురం దగ్గర గౌతమి 464 మెగావాట్లు, రావులపాలెం దగ్గర కోనసీమ 445, వేమగిరిలో జీఎంఆర్ 370, ఆ పక్కనే మరో 768. కానీ 2010లో రోజుకి 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటిన ఉత్పత్తి 2013 నాటికి నాలుగో వంతుకి పడిపోయింది. ప్లాంట్లు ఏళ్ళ తరబడి ఖాళీగా నిలబడ్డాయి. గ్యాసు పుట్టినచోటే గ్యాసు లేక టర్బైన్లు ఆగిపోవడం మన డెల్టాకి మిగిలిన చేదు అనుభవం.

గొట్టానికీ అదే కష్టం. రోజుకి 80 మిలియన్లు మొయ్యగల లైను చాలాకాలం అందులో కొంత భాగమే మోసింది. పైపులైను వ్యాపారం టోల్ వంతెనలాంటిది. వంతెన కట్టిన ఖర్చు ఒక్కటే, బండ్లు తక్కువైతే గిట్టదు. చివరికి 2019లో బ్రూక్‌ఫీల్డ్ సంస్థ నడిపించే ట్రస్టు సుమారు 13,000 కోట్ల రూపాయల పెట్టుబడితో ఆ లైనుని తీసుకుంది. 2020 డిసెంబరు నుంచి డీ6లో కొత్త క్షేత్రాలు మొదలై మళ్ళీ గ్యాసు పెరిగింది.

ఇప్పుడు చివరి బోదె దాకా నీరొచ్చినట్టు ఇళ్ళకి కూడా గ్యాసు వస్తోంది. ఉభయ గోదావరి జిల్లాల్లో ఇంటింటికీ గొట్టపు గ్యాసు ఇవ్వడానికి 2016లో గోదావరి గ్యాస్ సంస్థ ఏర్పడింది. రవాణా ఛార్జీల్ని, పైపులైన్ల అనుమతుల్ని చూసుకునే నియంత్రణ బోర్డు 2006 చట్టం ద్వారా వచ్చింది.

మనం చెయ్యగలిగింది

సహజవాయువుకి వాసన ఉండదు. ఇంటికి వచ్చే గ్యాసుకి కావాలని వాసన కలుపుతారు. పెద్ద ట్రంక్ లైనులో వాసన ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకూడదు. లైను పోయే దారిలో బుసబుసమనే చప్పుడు, నీటి గుంటలో ఆగకుండా బుడగలు, కారణం లేకుండా ఒకచోట మాత్రమే పచ్చగడ్డి ఎండిపోవడం లాంటివి కనిపిస్తే అనుమానించాలి. అగ్గిపుల్ల గియ్యకూడదు, బండి స్టార్ట్ చెయ్యకూడదు, అక్కడ నిలబడి ఫోన్ చెయ్యకూడదు. గాలి వచ్చే వైపుకి దూరంగా నడిచి, అప్పుడు పసుపు బోర్డు మీదున్న నంబరుకి, 112కి చెప్పాలి. పొక్లెయిన్‌తో తవ్వేముందు కూడా ఆ నంబరుకే ఫోన్ చెయ్యాలి. ఊళ్ళో పెద్దవాళ్ళకి ఈ నాలుగు ముక్కలు చెప్పండి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు ఐదు నిమిషాల పని.

ఇక ఇండస్ట్రియల్ విజిట్‌కి తాటిపాకో, గడిమొగో తీసుకెళ్ళినప్పుడు గ్రూప్ ఫోటోతో సరిపెట్టకండి. గ్యాసు చేతులు మారే చోట తేమ ఎంత ఉందో ఎవరు కొలుస్తారు, ఎన్నాళ్ళకి ఒకసారి కొలుస్తారు, హద్దు దాటితే వాల్వు మూసే అధికారం ఎవరికి ఉంది, చివరిసారి పిగ్ ఎప్పుడు పంపారు అని అడగండి. మనలో కొందరు రేపు ఆ మీటరుకి అటో ఇటో ఉద్యోగం చేస్తారు. అప్పుడు ఆ ప్రశ్నలకి జవాబు చెప్పాల్సింది మనమే.